పటం మూలలో చీల ఎంత లోతు ఉండాలి

మా తాతయ్య, నాయనమ్మ కలిసి తీయించుకున్న ఒకే ఒక్క ఫోటోకు బందరులో టేకు చట్రంతో పటం కట్టించారు. నాకు ఊహ తెలిసేనాటికే అది మా మధ్యగది గుమ్మం పైన, కాస్త ముందుకు వాలి, వెనక కట్టిన పురికొసతో వేలాడుతూ ఉండేది. నలభై ఏళ్లకు పైగా ఆ సముద్రపు గాలిలో, ఆ ఉక్కలో, ప్రతి వానాకాలమూ చెమ్మగిల్లే గోడ మీద ఉండి కూడా దాని మూలలు వెంట్రుకవాసి కదల్లేదు. నాన్నగారు పోయాక ఆ పటాన్ని నేను అమెరికాకు, విస్కాన్సిన్ రాష్ట్రంలో మేము ఉంటున్న మాడిసన్‌కు తెచ్చుకున్నాను. తెచ్చిన మొదటి జనవరిలోనే నాలుగు మూలలూ లోపలి వైపున విచ్చుకున్నాయి. జేబులోని బ్యాంకు కార్డు అంచు పెట్టి చూస్తే ఆ సందులో సులువుగా దూరింది. ఆగస్టు వచ్చేసరికి సందులు దాదాపు మూసుకుపోయాయి. మరుసటి జనవరికి మళ్లీ తెరుచుకున్నాయి. మూడో చలికాలం నాటికి కింది ఎడమ మూలలో మేకులు వదులైపోయి, ఆ మూలను అద్దమూ, వెనక అట్టా మాత్రమే పట్టి ఉంచుతున్నాయి.

ఆ మూలను బాగు చేయడంతో మొదలై, అదే ఫోటో నకళ్లకు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్ల కోసం ఐదు కొత్త పటాలు కట్టడం దాకా వచ్చిన పని ఇది. ఐదు పటాలంటే ఇరవై మూలలు. మూలకు రెండు చీలల (అతుకులోకి దూర్చే పలుచని చెక్కముక్కల) చొప్పున నలభై గాడులు. ఇన్ని గాడులు కోయడానికి టేబుల్ సా (బల్ల మధ్య నుంచి పైకి లేచి తిరిగే రంపపు చక్రం ఉన్న యంత్రం) మీద ఒక జిగ్ (కర్రను ప్రతిసారీ ఒకే తీరున పట్టి ఉంచే అమరిక) కట్టుకోక తప్పలేదు. కట్టే క్రమంలో నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. పటం మూలకు వేసే చీలకు బలం దాని లోతు వల్ల వస్తుంది; ఆ లోతును నిలకడగా ఇవ్వలేని జిగ్ ఎంత అందంగా ఉన్నా దానితో కోసిన చీల మూలను కాపాడదు. చాలామంది అభిరుచితో కర్రపని చేసేవాళ్లు ఈ చీలలను ముదురు రంగు కర్రతో, అంచు మీద చిన్న గీతల్లా కనబడేలా, ఒక సొగసుగా వేసుకుంటున్నారు. ఆ సొగసు మీద నాకు ఫిర్యాదు లేదు, కానీ సొగసు చూసుకుని లోతును వదిలేయడం మీద ఉంది.

తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. చట్రంలో పక్కపక్కన వచ్చే రెండు బద్దల చివరలనూ నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా కోసి, ఆ కోతలను ఒకదానికొకటి అతికిస్తాం. ఈ అతుకునే మైటర్ అంటారు. ఆ అతుకుకు అడ్డంగా, బయటి మూల నుంచి లోపలికి ఒక సన్నని గాడి కోసి, అందులో జిగురు పూసిన పలుచని చెక్కముక్కను దూరుస్తాం. దాన్ని ఇంగ్లీషులో స్ప్లైన్ అంటారు. మన వడ్రంగం మాటల్లో దానికి దగ్గరగా ఉన్నది చీల గనుక నేను అదే వాడుతున్నాను.

ముందు ఆ సందు ఎందుకు వచ్చిందో చూడాలి. కర్ర పొడవునా దాదాపు కదలదు. వెడల్పునా మందంలోనా మాత్రం గాలిలోని తేమను బట్టి ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. మా ఇంటికి కొద్ది మైళ్ల దూరంలోనే, 1910లో ఏర్పడిన ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ అనే ప్రభుత్వ పరిశోధనాలయం ఉంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుందని దాని పట్టికలు చెబుతాయి. మిగిలిన కర్రలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. మన పెద్దవాళ్లు గుమ్మాలకూ కిటికీలకూ టేకునే కోరడానికి ఒక కారణం ఇదే. అయినా లెక్క వేసి చూస్తే భయం వేస్తుంది. బందరు లాంటి తీరపు ఊళ్లో కర్రలో తేమ 13, 14 శాతం దాకా నిలిచి ఉంటుంది. ఇక్కడ చలికాలంలో, హీటరు రాత్రింబవళ్లు నడిచే ఇంట్లో, గాలిలో తేమ 25 శాతానికి పడిపోయినప్పుడు అదే కర్రలో 5, 6 శాతం తేమ మాత్రమే మిగులుతుంది. తేమ ఒక శాతం తగ్గితే టేకు వెడల్పు సుమారు 0.2 శాతం తగ్గుతుందనుకుంటే, ఎనిమిది శాతానికి 50 మిల్లీమీటర్ల వెడల్పు బద్ద ముప్పావు మిల్లీమీటరు దాకా సన్నబడుతుంది.

బద్ద సన్నబడింది గానీ దాని పొడవు మారలేదు. అంటే నలభై ఐదు డిగ్రీలుగా కోసిన ఏటవాలు ఇప్పుడు నలభై ఐదుకు కాస్త తక్కువ. రెండు బద్దల కోణాలూ కలిపితే తొంభైకి తక్కువ. చట్రం మాత్రం నాలుగు వైపులా బిగుసుకుని తొంభై దగ్గరే నిలబడి ఉంటుంది గనుక, ఆ తక్కువైనదంతా లోపలి వైపు సందుగా తేలుతుంది. బయటి మొన దగ్గర అతుకు మూసుకునే ఉంటుంది, లోపలి మూల దగ్గర ఒక మిల్లీమీటరు దాకా తెరుచుకుంటుంది. తేమ పెరిగితే ఇది తిరగబడి బయటి మొన వైపు తెరుచుకుంటుంది. మా పటంలో బ్యాంకు కార్డు దూరిన సందు ఈ లెక్కకు సరిగ్గా సరిపోయింది. బందరు పనివాడి పనిలో లోపం ఏమీ లేదు. ఆయన ఆ ఊరి గాలికి తగినట్టు కట్టాడు. ఆ గాలి నుంచి దాన్ని దూరంగా తెచ్చింది నేను.

జిగురు ఒక్కటే చాలు, ఈ చీలలూ గాడులూ అనవసరం అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదనలో సగం నిజం ఉంది. కర్ర చివరి కోతకు జిగురు అసలు పట్టదని పాతకాలం నుంచీ వస్తున్న మాట అతిశయోక్తే. జిగురును ఒకసారి పల్చగా పూసి, కర్ర దాన్ని పీల్చుకున్నాక రెండోసారి పూసి అతికిస్తే, ఆ అతుకు చేత్తో లాగినా ఊడదు. కానీ చేత్తో లాగడం ఒక్కసారి జరిగే పరీక్ష. గోడ మీది పటానికి ఏడాదికోసారి, నిదానంగా, కొన్ని నెలలపాటు లోపలి వైపు నుంచి తెరిచే బలం పని చేస్తుంది. మళ్లీ కొన్ని నెలలు అటువైపు మూసే బలం పని చేస్తుంది. ఇరవై ఏళ్లలో ఇది ఇరవైసార్లు. అలసిపోయే జిగురును అలసిపోని పోగులతో ఆదుకోవాలి. చీల చేసే పని అదే. తెరిచే బలం కేంద్రీకరించే చోట, ఆ బలానికి అడ్డంగా, పొడుగాటి పోగులున్న కర్రముక్క ఒకటి ఉండాలి.

ఫైబరు బద్దలతో పటాలు కట్టే దుకాణాల గురించి నేను ఈ మాట అనడం లేదు. ఆ ప్లాస్టిక్ బద్ద తేమకు ఉబ్బదు, తగ్గదు; వెనక నుంచి యంత్రంతో కొట్టే వంకర మేకులు దానికి చాలు. కర్ర చట్రానికి అదే పద్ధతి వాడినప్పుడే పేచీ.

ఇక అసలు సంగతికి వస్తాను. తెరుచుకునేది లోపలి మూల. మామూలుగా వేసే చీల ఉండేది బయటి మూలలో. 50 మిల్లీమీటర్ల వెడల్పు బద్దలో అతుకు గీత పొడవు, అంటే బయటి మొన నుంచి లోపలి మూల దాకా, దాదాపు 71 మిల్లీమీటర్లు. బయటి మొన దగ్గర 10 మిల్లీమీటర్ల లోతు గాడి కోసి చీల వేస్తే, అది ఆ గీతలో ఏడో వంతును మాత్రమే పట్టుకుంటుంది. మిగిలిన ఆరు వంతులూ ఎప్పటిలా జిగురు మీదే ఆధారపడతాయి. జిగురు వదిలేసిన రోజున ఆ చిన్న చీల తలుపుకు బందులా పనిచేసి, బయటి మొనను గట్టిగా పట్టుకుని, లోపలి వైపును నిరాటంకంగా తెరుచుకోనిస్తుంది. నేను మొదట కట్టిన ఒక చిన్న పటంలో ఇది నా కళ్లముందే జరిగింది. వాల్‌నట్ చట్రానికి లేత రంగు మేపుల్ చీలలు, లోతు 9 మిల్లీమీటర్లు, చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఫిబ్రవరిలో లోపలి మూలలు మూడు తెరుచుకున్నాయి, చీలలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

చిన్నప్పుడు మా వీధి చివర పనిచేసే వడ్రంగి దగ్గర సాయంత్రాలు కూర్చునేవాణ్ని. ద్వారబంధం నిలువు కమ్మికి బెజ్జం తొలుస్తూ ఉంటే, అవతలి పక్కకు రంధ్రం పడేదాకా ఎందుకు తొలుస్తున్నావు మావయ్యా అని అడిగాను. "కుసి అవతలి పక్కకి రావాలి బాబూ. సగంలో ఆగితే నాలుగేళ్లకి ఊగుద్ది" అన్నాడు. కుసి అంటే ఆ బెజ్జంలో దూరే అడ్డకమ్మి కొన. పటం మూలకు చీలను లోపలి అంచు దాకా తీసుకెళ్లడం కుదరదు. వెనక వైపు అద్దం కూర్చునే మెట్టు ఉంటుంది. 50 మిల్లీమీటర్ల బద్దలో ఆ మెట్టు 8 మిల్లీమీటర్లు పోతే 42 మిగులుతుంది, దాని ఏటవాలు గీత 59 మిల్లీమీటర్లు. గాడి అంతకు మించితే మెట్టులోకి బయటపడుతుంది. అందుకని నేను 40 మిల్లీమీటర్ల దగ్గర ఆగాను. అతుకు గీతలో సగం దాటి లోపలికి వెళ్లిన చీల అది. బయటి అంచుల మీద చీల ఒక్కో వైపు 57 మిల్లీమీటర్ల పొడవున కనబడుతుంది. గాడి అడుగున దాని వెడల్పు 80 మిల్లీమీటర్లు. సన్న బద్దలకు ఈ లెక్క మారుతుంది: 20 మిల్లీమీటర్ల బద్దలో మెట్టు 6 పోతే గాడిని 15 లోతు దగ్గర ఆపుతాను. అయినా సూత్రం అదే. గీతలో సగానికి తగ్గకూడదు, మెట్టును తాకకూడదు.

ఈ 40 మిల్లీమీటర్ల దగ్గరే జిగ్ సంగతి తేలిపోతుంది.

నేను మొదట కట్టిన జిగ్ చాలామంది కట్టేదే: ఒక నిలువు పలక, దాని ముఖాన రెండు బద్దలు ఏటవాలుగా, పలకను టేబుల్ సా ఫెన్స్‌కు, అంటే బ్లేడుకు సమాంతరంగా బిగించే పక్క కమ్మీకి, ఆనించి తోసుకుంటూ పోవడం. 9 మిల్లీమీటర్ల గాడికి అది బాగానే పనిచేసింది. 40కి బ్లేడు ఎత్తగానే దాని లోపం బయటపడింది. ఫెన్స్‌కు ఒక వైపే ఆనే పలక, తోసేటప్పుడు చెయ్యి బలాన్ని బట్టి పై భాగం అటూఇటూ ఊగుతుంది. అర డిగ్రీ ఊగిందనుకుందాం. 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఆ ఊపు 0.1 మిల్లీమీటరు కూడా కాదు. 50 మిల్లీమీటర్ల ఎత్తులో 0.4 దాటిపోతుంది. 3.2 మిల్లీమీటర్ల గాడి లోపలికి పోయేకొద్దీ వెడల్పై, అంచు దగ్గర బిగుతుగా ఉన్న చీల లోపల వదులుగా ఉంటుంది. మూలను కాపాడాల్సిన చోటే చీలకు జిగురు పట్టు లేకుండా పోతుంది. పైకి మాత్రం ఏమీ కనబడదు. ఒక పాడు మూలను చీల మధ్యగా కోసి చూసుకునేదాకా నాకు కూడా తెలియలేదు.

రెండోది కొన్నది. అల్యూమినియంతో చేసినది, కోణం మార్చుకునే పిడి, ఎత్తు మార్చుకునే పిడి, అన్నీ ఉన్నాయి. పదో మూలకు వచ్చేసరికి పిడి బిగింపు జారి, కోణం ఎంతో కొంత మారిపోయింది. సరిచేసుకుని మళ్లీ బిగించినా, ముందు కోసినవాటితో తరువాతవి సరిపోలేదు. మార్చుకునే వీలున్న ప్రతి చోటూ తనంతట తాను మారిపోయే వీలున్న చోటే. అసలు పటం మూలలో మార్చుకోవాల్సింది ఏముంది? అది ఎప్పుడూ తొంభై డిగ్రీలే. ఎనిమిది పలకల చట్రం కట్టాల్సి వస్తే దానికి వేరే జిగ్ కట్టుకుంటాను. రెండు ముక్కల ప్లైవుడ్ ఖర్చు. ఒకే జిగ్‌తో అన్నీ చేయాలన్న ఆశే చాలా జిగ్‌లను పాడు చేస్తోందని నా నమ్మకం.

మూడోది, ఇప్పటికీ వాడుతున్నది, కదిలే భాగం ఒక్కటీ లేనిది. దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

అడుగు పలక 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, పొడవు 500, వెడల్పు 300. దీన్ని 18 తీసుకోకపోవడానికి కారణం ఉంది: అడుగు పలక ఎంత మందమో బ్లేడు ఎత్తులో అంత పోతుంది. పది అంగుళాల బ్లేడు టేబుల్ పైకి 75 మిల్లీమీటర్ల పైచిలుకు లేస్తుంది గనుక ఇబ్బంది లేదు గానీ, బ్లేడు ఎంత తక్కువ ఎత్తులో ఉంటే అంత మంచిది. పలక అడుగున, టేబుల్ మీది ముప్పావు అంగుళం కాలువలో నడిచే మేపుల్ బద్ద ఒకటి అతికించాను. ఆ బద్ద కాలువలో కాగితం మందం కూడా ఆడకూడదు. ముందు ఒక పిసరు లావుగా ఉంచి, కాలువలో నడిపి, ఎక్కడ నల్లగా మెరుస్తోందో చూసి, అక్కడ మాత్రమే చిత్రికతో ఒక్క పొర తీసి, మళ్లీ నడిపి, ఇలా ఒక గంట పట్టింది. మొత్తం పనిలో ఓపిక అన్నిటికంటే ఎక్కువ కావలసింది ఇక్కడే, ఎందుకంటే ఫెన్స్ ఊపును వదిలించుకోవడానికే కాలువలోకి వచ్చాం.

తరువాత నిలువు పలక కూడా నిలపకముందే, ఉత్త అడుగు పలకను బ్లేడు మీదుగా నడిపి దానిలో ఒక గాడి కోశాను. ఆ గాడి, ఈ రంపం ఈ బద్దతో నడిచే అసలు దారి. ఇక కొలత బద్దలూ గీతలూ అక్కరలేదు. గాడికి పక్కన ఒకే మందం ఉన్న ముక్కను పొడవునా పెట్టి, దానికి ఆనించి నిలువు పలకను అతికిస్తే, ఆ పలక బ్లేడు దారికి తనంతట తానే సమాంతరంగా కూర్చుంటుంది. నిలువు పలక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఎత్తు 350. వెనక రెండు త్రికోణపు దన్నులు. దన్నులు అతికించేటప్పుడు మూలమట్టం పెట్టి, పలకకూ అడుగుకూ మధ్య తొంభై ఉందో లేదో మూడు చోట్ల చూసుకున్నాను.

ఇప్పుడు పటం మూల కూర్చునే ఒడి. నిలువు పలక ముఖాన రెండు లావుపాటి బద్దలు, కింద ఒకదానినొకటి కలుస్తూ, వి ఆకారంలో. ఇక్కడే చాలామంది కోణమానిని పట్టుకుని నలభై ఐదు కోసం తంటాలు పడతారు. అది అంత అవసరం కాదని నా వాదన. ఒడి మొత్తం ఒక డిగ్రీ పక్కకు ఒరిగిందనుకోండి. చీల ఒక అంచు మీద 57కు బదులు 58కి దగ్గరగా, రెండో అంచు మీద 56కు దగ్గరగా కనబడుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడా, ఎవరికీ కనబడదు, బలంలో తేడా రాదు. కానీ ఆ రెండు బద్దల మధ్య కోణం తొంభైకి బదులు తొంభై ఒకటి అయితే, పటం మూల ఒక బద్దకే ఆని, రెండో వైపు ఖాళీగా ఉంటుంది. క్లాంపు బిగించగానే ఇంకా చీల పడని, జిగురు ఒక్కటే ఆధారమైన ఆ పచ్చి అతుకును మనమే విరుస్తున్నట్టు. కాబట్టి తొంభై మీద రాజీ లేదు, నలభై ఐదు మీద పట్టుదల లేదు.

ఆ తొంభైని నేను కొలిచి కట్టలేదు, అచ్చు పోసినట్టు కట్టాను. ఒక చదరపు ప్లైవుడ్ ముక్క తీసుకుని, దాని ఒక మూలను ముందు పరీక్షించాను: పెద్ద పలక నిటారు అంచుకు ఆనించి ఒక గీత గీసి, ముక్కను తిరగేసి అదే చోట ఇంకో గీత గీశాను. రెండు గీతలూ ఒకటైతేనే ఆ మూల నిజంగా తొంభై. తేడా ఉంటే అది రెండింతలై కనబడుతుంది. రెండు ముక్కలు పారేసి మూడోది కుదిరింది. ఆ ముక్కను, పటానికి బదులుగా, మూల కిందికి ఉండేలా నిలువు పలకకు ఆనించి నిలిపి, అటూ ఇటూ ఉన్న మూలలు అడుగు నుంచి సమాన ఎత్తులో ఉండేలా చూసుకుని, క్లాంపు వేశాను. దాని రెండు అంచులకూ ఒడి బద్దలను అదిమి, జిగురుతో అతికించాను. ఆరాక ముక్కను తీసేస్తే దాని మూల ఎంత నిక్కచ్చిగా ఉందో ఒడి కూడా అంతే నిక్కచ్చిగా మిగిలింది.

ఒడి బద్దల కింది భాగంలో మేకు గానీ స్క్రూ గానీ ఉండకూడదు. నేను జిగురు ఆరేదాకా కదలకుండా ఉండాలని రెండు సన్నమేకులు కొట్టి, మరిచిపోయాను. మొదటి కోతలోనే టక్కుమన్న శబ్దం, బ్లేడులో ఒక కార్బైడ్ పన్ను విరిగింది. ఆ ముక్క నా మొహం మీదికి రాకపోవడం అదృష్టం. మేకు కొట్టాల్సి వస్తే, బ్లేడు ఎక్కడిదాకా లేస్తుందో ఎర్ర పెన్సిలుతో గీత గీసుకుని, దానికి పైనే కొట్టాలి.

రంపం విషయంలో ఇంకో మాట కూడా సూటిగా చెప్పాలి. ఈ కోతకు బ్లేడు పైన ఉండే కవచాన్ని తీసేయాల్సి వస్తుంది. బ్లేడు వెనకాల ఉండి, కోసిన సందు బ్లేడును బిగబట్టకుండా చూసే రైవింగ్ నైఫ్ అనే రేకు బ్లేడు కంటే కాస్త పొట్టిగానే ఉంటుంది గనుక దాన్ని తీయనవసరం లేదు, తీయకూడదు. అమెరికాలో 2015 ఒక్క ఏడాదిలోనే టేబుల్ సా బ్లేడు తగిలి ఆసుపత్రి అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్లు 30 వేలకు పైనేనని ఇక్కడి వినియోగదారుల భద్రతా సంఘం అంచనా. పటాన్ని చేత్తో నిలబెట్టి పట్టుకుని బ్లేడు మీదికి తోయడం ఎవరైనా చేస్తుంటే వెంటనే ఆపమని బతిమాలతాను. నా జిగ్‌లో పటాన్ని నిలువు పలకకు రెండు క్లాంపులతో బిగిస్తాను; తోసే చెయ్యి నిలువు పలక వెనక, బ్లేడుకు ఒక జానెడు దూరంలో, అక్కడ అతికించిన చెక్క పిడి మీద ఉంటుంది. మూల మొత్తం బ్లేడు మీదుగా దాటిపోయేదాకా తోయాలి. సగంలో ఆపితే గాడి అడుగు బ్లేడు వంపులాగే గుండ్రంగా మిగిలిపోయి చీల అడుగున కూర్చోదు. దాటాక అక్కడే ఆపి, స్విచ్చి కట్టేసి, బ్లేడు ఆగాకే వెనక్కి లాగాలి.

గాడి పటం మందంలో ఎక్కడ పడాలో నిర్ణయించడానికి నేను ఫెన్స్ వాడను. నిలువు పలకకూ పటానికీ మధ్య పలుచని హార్డ్‌బోర్డు ముక్కలు పెడతాను. ముఖ్యమైన నియమం ఒక్కటే: నాలుగు మూలలకూ పటం ముందు ముఖమే నిలువు పలకకు ఆనాలి. అప్పుడు కొలతలో పొరపాటున్నా నాలుగు మూలల్లోనూ ఒకే పొరపాటు ఉంటుంది, గీతలు అన్నీ ముందు ముఖం నుంచి ఒకే దూరంలో కనబడతాయి. రెండో గాడికి ఇంకో ముక్క చేర్చి మళ్లీ నాలుగు మూలలూ తిప్పాలి.

బ్లేడు పళ్ల ఆకారం కూడా చూసుకోవాలి. అన్ని పనులకూ వాడే బ్లేడులో పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఏటవాలుగా ఉండి, గాడి అడుగున రెండు వైపులా చిన్న చెవుల్లాంటి గుంటలు వదులుతాయి. అంచు మీద చీల ముగిసే చోట అవి రెండు నల్ల చుక్కలుగా కనబడతాయి. పళ్ల తల బల్లపరుపుగా ఉండే బ్లేడు వేస్తే గాడి అడుగు సమంగా వస్తుంది.

అమ్మ ఫోనులో ఇదంతా విని, "ఒక్క పటానికి ఇంత పని ఎందుకు నాన్నా, కొట్లో ఇస్తే గంటలో కట్టిచ్చేస్తారు గదా" అంది. జిగ్ కట్టడానికి నాకు రెండు శనివారాలు పట్టింది. నలభై గాడులు కోయడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఒక్క పటమే అయితే అమ్మ మాట నిజమే, జిగ్ అక్కరలేదు. పటాన్ని కదలకుండా బిగించి, సన్నని చేతిరంపంతో మూలకు రెండు ఏటవాలు గాట్లు పెట్టి, వెనీర్ (చాలా పలుచని కర్ర పొర) ముక్కలు దూర్చవచ్చు. కానీ అక్కడ కూడా లోతు నియమం మారదు.

చీల కర్ర గురించి ఒకటే మాట. పోగులు అతుకు గీతకు అడ్డంగా, అంటే త్రికోణం ముక్క పొడుగు భుజానికి సమాంతరంగా ఉండాలి. గీత వెంబడి పోగులున్న చీల గోటితో విరిగిపోతుంది; అది మూలలో ఉన్నా ప్రయోజనం లేదు. నేను వాల్‌నట్ చట్రానికి వాల్‌నట్ చీలే వేశాను, గీత కనబడకపోయినా నాకు ఫరవాలేదు. 3.4 మిల్లీమీటర్ల మందాన చీరి, చిత్రికతో కొద్దికొద్దిగా తీసి, బొటనవేలి ఒత్తిడికి లోపలికి జారి, తలకిందులు చేస్తే జారిపడకుండా నిలిచేలా సరిచేశాను. సుత్తి అవసరమైతే అది లావుగా ఉన్నట్టే. నీటి జిగురు తగిలి ఉబ్బితే పటం ముఖం పగులుతుంది. జిగురును ముక్కకు మాత్రమే కాక గాడి అడుగు దాకా సన్నని పుల్లతో పూయాలి. ఒక రాత్రి ఆరాక, మిగిలిన భాగాన్ని రంపంతో కోసి, చిత్రికను మూల మొన దగ్గర మొదలుపెట్టి బద్ద మధ్యకు తోయాలి. మొన వైపుకు తోస్తే చీల చివరి పోగులు లేచి విరుగుతాయి. ఒక మూలలో నేను అలా విరగ్గొట్టి, ఆ చీలను తొలిచి మళ్లీ వేశాను.

ఐదు పటాలనూ ఎండాకాలంలో కట్టి, పంచేముందు ఒక చలికాలం మా ఇంట్లోనే గోడకు వరసగా తగిలించి ఉంచాను. వాల్‌నట్ టేకు కంటే ఎక్కువ కదులుతుంది. ఆగస్టుకూ జనవరికీ మధ్య తేమ నాలుగు శాతం తగ్గినా 50 మిల్లీమీటర్ల బద్ద అర మిల్లీమీటరు దాకా సన్నబడవచ్చు. చీల ఆ సన్నబడడాన్ని ఆపలేదు, ఆపడం దాని వల్ల కాదు కూడా. అది కదలికను కాస్త వంచుకుని, అతుకు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. జనవరి నెలాఖరున, గదిలో తేమ 24 శాతం చూపిస్తున్న రోజున, ఇరవై లోపలి మూలల్లోనూ ఒక మామూలు కాగితం అంచు పెట్టి చూశాను. పద్దెనిమిదింటిలో దూరలేదు. నాలుగో పటంలో పక్కపక్క మూలలు రెండింటిలో గోరు మందం లోపలికి వెళ్లి ఆగింది. ఆ రెండు మూలల మధ్య బద్ద, మిగిలినవాటిలా వలయాలు నిలువుగా ఉన్న కర్ర కాకుండా, దుంగ అంచు నుంచి వచ్చిన, వలయాలు పడుకుని ఉన్న ముక్క. దాన్ని మార్చి మళ్లీ కట్టి, ఆ పటాన్ని మాత్రం ఇంకో చలికాలం మా గోడ మీదే ఉంచుకుంటున్నాను. మిగిలిన నాలుగూ వాళ్ల వాళ్ల ఇళ్లకు చేరాయి. తాతయ్య పాత టేకు చట్రానికి కూడా పాత మేకులు పీకి, అదే ఒడిలో నిలబెట్టి, మూలకు రెండేసి టేకు చీలలు వేశాను.